సైన్స్ ఫిక్షన్ సినిమాకు పిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా: విశ్వాసుల కుటుంబం ఎలా తేల్చుకోవాలి

ఆదివారం ఆరాధన అయ్యాక, బయట చెప్పులు వేసుకుంటుంటే నన్ను ఆపి ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే: "అక్కా, ఈ సిన్మాకు పిల్లలను తీస్కపోవచ్చా?" ఫ్యాక్షన్ సినిమా గురించో ప్రేమకథ గురించో ఎవరూ అడగరు. వాటి సంగతి పోస్టర్ చూస్తేనే తెలిసిపోతుంది. అడిగేదంతా గ్రహాంతరవాసులు, రోబోలు, టైమ్ మెషీన్లు ఉన్న సినిమాల గురించే. నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, సండే స్కూల్లో పెద్ద పిల్లల క్లాసు తీసుకుంటాను. రెండు వైపులా తెలిసిన మనిషి కదా అని అడుగుతారు.

ఈ మధ్య చూడొచ్చు, వద్దు అని చెప్పడం మానేశాను. మా ఇంటికి సరిపోయిన జవాబు కాజీపేటలో మీ ఇంటికి సరిపోకపోవచ్చు. మీ బాబుకు చీకటంటే భయం, మా వాడికి లేదు. అందుకే మీకు మీరే తేల్చుకునే పద్ధతి రాస్తున్నాను. మా ఇంట్లో చాలాకాలంగా ఇట్లాగే చేస్తున్నాం.

మొదలుపెట్టే ముందు ఒక మాట. కొన్ని సంఘాల్లో సినిమా అసలే వద్దంటారు. మీది అలాంటి సంఘమైతే పాస్టర్ గారికి తెలియకుండా వెళ్లకండి, పిల్లల చేత అబద్ధం ఆడించకండి. రోమా పత్రిక 14వ అధ్యాయం భార్యాభర్తలు కలిసి చదువుకోండి, ఆయనతో నేరుగా మాట్లాడండి. పిల్లలు చుట్టాలింట్లోనో స్నేహితుల ఫోన్లోనో చూసి వస్తే, 8వ మెట్టు నుంచి మీకూ పనికొస్తుంది. శ్రమల కాలం నలభై రోజులూ సినిమాలు మానుకునే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో విడుదలైన సినిమా ఈస్టర్ తర్వాత చూస్తే పోయేదేమీ లేదు.

కావలసినవి

- ఒక నోట్‌బుక్. సినిమాకు ఒక పేజీ.
- బైబిలు.
- సినిమా సెన్సార్ సర్టిఫికెట్ వివరం.
- ముందుగా చూసి రావడానికి ఇంట్లో ఒక పెద్దమనిషి. వీలు కాకపోతే, చూసొచ్చిన నమ్మకమైన కుటుంబం.
- సినిమా అయ్యాక అందరూ కూర్చోవడానికి అరగంట. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా లాభం లేదు.

1. సర్టిఫికెట్ చదవండి, కానీ దాని మీదే ఆగిపోకండి

'యు' అంటే అందరూ చూడొచ్చు. 'ఎ' అంటే 18 ఏళ్లలోపు వాళ్లను హాల్లోకి రానివ్వకూడదు. నడుమ ఉన్న 'యూఏ' (పిల్లలు పెద్దల మార్గదర్శకంతో చూడొచ్చు) దగ్గరే తల్లిదండ్రులు పొరబడతారు. 2024 నుంచి దాన్ని మూడుగా విడగొట్టారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. ఈ అంకెలు తల్లిదండ్రులకు సూచనలు. గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఆపాల్సింది మీరే.

ఓటీటీలో అయితే 2021 నిబంధనల ప్రకారం ఆ సంస్థలే వయసు గుర్తు వేసుకుంటాయి. 13+, అంతకు పైబడిన వాటికి పేరెంటల్ లాక్ సదుపాయం ఉండాలి. ఆ లాక్ ఈరోజే పెట్టుకోండి, నంబరు పిల్లల పుట్టినరోజు పెట్టకండి. ఇంకో జాగ్రత్త: థియేటర్లో కత్తిరించిన సీన్లు ఓటీటీలో ఉండొచ్చు. "హాల్ల చూసినం, మంచిగుంది" అన్నవాళ్ల మాట ఫోన్లో వచ్చే సినిమాకు పూర్తిగా వర్తించదు.

సర్టిఫికెట్ హింసనూ, అసభ్యతనూ, బూతు మాటలనూ చూస్తుంది. ఆ కథ మనిషి గురించి ఏం నేర్పుతుందో చెప్పదు. ఆ పని మనది.

2. కథ ముందే తెలుసుకోండి

ట్రైలర్ నమ్మకండి. పేలుళ్లన్నీ అందులోనే ఉంటాయి, కథ ఉండదు. ఇద్దరిలో ఒకరు ముందు చూసి వస్తే అంతకన్నా మంచిది లేదు. మా ఆయనది రైల్వే డ్యూటీ, పగలు ఖాళీ దొరికిన రోజు మార్నింగ్ షోకు ఒక్కడే వెళ్లి వస్తాడు.

అది కుదరకపోతే చూసొచ్చిన వాళ్లను అడగండి. కానీ "బాగుందా?" అని అడగకండి, "సూపర్" అనే జవాబు తప్ప ఏమీ రాదు. ఇట్లా అడగండి: చివరికి ఎవరు గెలిచారు, ఎట్లా గెలిచారు? పిల్లలు కళ్లు మూసుకున్న చోటు ఏది? ఇంటికొచ్చాక మీ వాళ్లు దేని గురించి మాట్లాడారు?

డబ్బింగ్ సినిమా అయితే ఇంకో పని ఉంది. తెలుగు డబ్బింగ్‌లో 'శక్తి', 'విధి', 'విశ్వం' అనే మాటలు ధారాళంగా పడుతుంటాయి. మూలంలో "అదృష్టం బాగుంది" అన్నంత మామూలు మాట తెలుగులో "విశ్వమే మనల్ని నడిపిస్తోంది" అయిపోవచ్చు, అటుది ఇటు కూడా కావచ్చు. ఏదైనా డైలాగు మీకు గుచ్చుకుంటే, సినిమాను తప్పుపట్టే ముందు ఆ ఒక్క సీను మూలభాషలో సబ్‌టైటిల్స్‌తో చూడండి.

3. సైన్సును మూడు గుర్తులతో వేరు చేయండి

నోట్‌బుక్ పేజీలో ఎడమ పక్కన సినిమాలోని వింతలన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన 'ని', 'అం', 'క' అని పెట్టండి: నిజం, అంచనా, కల్పన.

వేగంగా వెళ్లేవాడికి, బలమైన గురుత్వాకర్షణ ఉన్న చోట ఉండేవాడికి కాలం నెమ్మదిగా నడవడం నిజం. మన ఫోన్లో దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాలు వేగంగా తిరిగినా, అంత ఎత్తులో గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి వాటి గడియారాలు నేల మీది గడియారాల కన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, ఆ తేడా సరిచేస్తేనే మ్యాప్ సరిగ్గా చూపిస్తుంది. వేరే గ్రహాల మీద జీవం ఉండొచ్చన్నది అంచనా. ఇంతవరకు ఎక్కడా దొరకలేదు. కాలంలో వెనక్కి వెళ్లి తాతను కలవడం కల్పన. శూన్యంలో ఓడ పేలితే హాలు దద్దరిల్లేంత చప్పుడు రావడం కూడా కల్పనే, గాలి లేని చోట శబ్దం ప్రయాణించదు. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది (కాంతి ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం). 1977లో బయల్దేరిన వాయేజర్ 1 అంతరిక్ష నౌక వేగంతో అంత దూరం పోవాలంటే సుమారు 75 వేల ఏళ్లు పడుతుంది. సినిమాలో ఇంటర్వెల్ లోపే చేరిపోతారు.

ఈ మెట్టు మీద ఇంత పట్టు ఎందుకంటే, మనవాళ్లలో చాలామంది అన్నిటినీ కలిపి "అంతా అబద్ధం, బైబిల్‌కు విరుద్ధం" అనేస్తారు. పదేళ్ల పిల్లవాడు నమ్ముతాడు. వాడే ఇంటర్‌కు వచ్చి నా క్లాసులో కూర్చున్నప్పుడు, అమ్మానాన్న అబద్ధమన్నది బోర్డు మీద లెక్కతో సహా నిజమని తేలుతుంది. అప్పుడు వాడి మనసులో వచ్చే ప్రశ్న ఫిజిక్స్ గురించి కాదు. "దేవుని గురించి చెప్పింది కూడా గట్లనేనా?" అని. ఈ ప్రశ్న నన్ను క్లాసు అయ్యాక ఒంటరిగా వచ్చి అడిగిన పిల్లలు ఉన్నారు. నిజాన్ని నిజమని చెప్పడానికి భయపడకండి.

అంతరిక్షం మాటెత్తితేనే అది దేవునికి ఎదురు నిలవడం అనుకునే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇవి చెప్పండి. 1968 డిసెంబర్ 24న అపోలో 8 నౌకలో చంద్రుని చుట్టూ తిరుగుతున్న ముగ్గురూ ఆదికాండము మొదటి అధ్యాయం మొదటి పది వచనాలు చదివి భూమికి వినిపించారు. 1969లో చంద్రుని మీద దిగాక, ఇంకా బయట అడుగు పెట్టకముందే బజ్ ఆల్డ్రిన్ వెంట తెచ్చుకున్న రొట్టె, ద్రాక్షారసంతో ప్రభురాత్రి భోజనం తీసుకున్నాడు. విశ్వం అతి చిన్న ఆరంభం నుంచి విస్తరించిందనే ఆలోచనను 1931లో ముందుకు తెచ్చిన జార్జ్ లెమైత్ర్ బెల్జియం దేశపు క్యాథలిక్ ఫాదర్. మా అత్తమ్మకు ఆల్డ్రిన్ సంగతి చెప్పినప్పుడు చేతిలో పని ఆపేసి, మళ్లీ చెప్పమంది.

భూమి వయసు, పరిణామం లాంటి వాటిపై మన సంఘాల్లోనే ఒక్కో దగ్గర ఒక్కో అభిప్రాయం ఉంది. సినిమాలో ఆ మాట వస్తే మీ సంఘం ఏం బోధిస్తుందో, వేరే విశ్వాసులు ఏమనుకుంటారో రెండూ చెప్పండి.

4. ఆ కథలో రక్షించేది ఎవరో కనిపెట్టండి

పద్ధతి మొత్తంలో అసలైన మెట్టు ఇది. తీరిక లేదనుకుంటే మిగతావి వదిలేసి ఇదొక్కటి చేయండి.

సైన్స్ ఫిక్షన్ కథలో దాదాపు ఎప్పుడూ ఒక పెద్ద ఆపద ఉంటుంది. పేజీ మధ్యలో మూడు వాక్యాలు పూర్తిచేయండి: "ఆపద రావడానికి కారణం... గట్టెక్కించింది... దానికి చెల్లించిన వెల..."

ఒక కథ అనుకుందాం. భూమి ఎండిపోతోంది. ఒక శాస్త్రవేత్త మనుషుల జ్ఞాపకాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇక చావు లేదంటాడు. అందరూ సంతోషంగా శరీరాలు వదిలేస్తారు. పాట, శుభం. ఇందులో ముద్దు సీను లేదు, రక్తం లేదు, దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. సర్టిఫికెట్ 'యు' రావచ్చు. కానీ శరీరం ఒక చెత్త సంచి అనీ, నిత్యజీవం మెషీన్ ఇస్తుందనీ ఆ కథ పిల్లవాడి మనసులో నాటుతుంది. మనం ప్రతి ఆదివారం శరీర పునరుత్థానాన్ని నమ్ముతున్నానని విశ్వాస ప్రమాణంలో చెబుతాం. రెండూ పక్కపక్కన పెట్టి చూపించకపోతే పిల్లవాడికి తేడా తెలియదు.

అదే కథ ఇంకోలా ముగిసిందనుకోండి. ఆ శాస్త్రవేత్త కూతురు మెషీన్ ఎక్కనని, నడవలేని తాతతో ఇక్కడే ఉంటానని, ఉన్న నీళ్లు పంచుకుంటుంది. ఇందులో బైబిలు ఊసే లేదు, అయినా మన పిల్లలకు చూపించదగ్గ కథ.

ఈ తేడా నాకు తెలియని రోజుల్లో చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒక డబ్బింగ్ సినిమాకు ఇంటిల్లిపాదీ వెళ్లాం. హీరోయిన్ మెడలో సిలువ ఉంది, చర్చిలో ప్రార్థన చేసే సీను ఉంది. "మన సినిమా" అని మురిసిపోయాను. కథలో భూమి నాశనమవుతుంటే నాయకుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏరి ఓడ ఎక్కిస్తాడు, ముసలివాళ్లనూ రోగులనూ వదిలేస్తాడు. దాన్ని గొప్ప తెలివిగా చూపించారు. హాలంతా చప్పట్లు, నేనూ కొట్టాను. ఆటోలో ఇంటికి వస్తుంటే మా అత్తమ్మ మోకాళ్లు ఒత్తుకుంటూ, "నన్ను గూడ ఎక్కించుకోరు గదా బిడ్డా" అంది. అప్పటిదాకా నాకు తట్టలేదు. మెడలో సిలువ చూసి సినిమాకు మార్కులు వేశాను.

5. మనిషికి ఆ సినిమా కట్టిన ధర చూడండి

దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెనని మనం నమ్ముతాం. కాబట్టి కథలో అతి బలహీనుణ్ణి ఎట్లా చూశారో ప్రత్యేకంగా రాయండి: ముసలి, రోగి, కడుపులోని బిడ్డ, పేదవాడు, అంగవైకల్యం ఉన్నవాడు. చెడ్డవాడు వాళ్లను హింసిస్తే, కథ దాన్ని చెడుగానే చూపిస్తే, అది సినిమా తప్పు కాదు. మంచివాడు అదే పని చేసి మెప్పు పొందితే పెన్ను ఎర్రది తీయండి.

ఆటో సంగతి అయ్యాక ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి మా నోట్‌బుక్‌లో సొంతంగా ఒక వరుస కలిపింది: "నానమ్మకు సీటు ఉందా?" ఇప్పుడు ప్రతి సినిమా పేజీలో ఆ వరుస ఉంటుంది.

రోబోల కథల్లో ఇదే ప్రశ్న తిరగబడి వస్తుంది. మా చిన్నోడు ఒకరోజు అన్నం తింటూ, "మమ్మీ, రోబో చచ్చిపోతే పరలోకం పోతదా?" అని అడిగాడు. నవ్వి తీసేయకండి. "రోబోను ఎవరు చేసిన్రు? మనిషిని ఎవరు చేసిన్రు?" అని తిరిగి అడగండి. అక్కడి నుంచి వాడే చెబుతాడు.

6. పురాణ పాత్రలు ఉంటే

తెలుగులో సైన్స్ ఫిక్షన్, పురాణం కలిసి రావడం మామూలే. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో మహాభారతంలోని అశ్వత్థామ భవిష్యత్తు లోకంలో నడుస్తాడు. ఇలాంటి సినిమాకు వెళ్లాలా వద్దా అన్నది మీ మనస్సాక్షికి వదిలేస్తాను. వెళితే మాత్రం పిల్లలకు ముందే చెప్పండి: ఇది మన పక్కింటి వాళ్లు భక్తితో చదివే గ్రంథంలోది, హాల్లోనూ బడిలోనూ ఎగతాళి చేయొద్దు. వెళ్లకపోతే, ఎందుకు వెళ్లలేదని స్నేహితులు అడిగినప్పుడు చెప్పడానికి మర్యాదైన ఒక వాక్యం నేర్పండి. "మా ఇంట్ల వద్దనుకున్నం" అంటే చాలు.

7. నిర్ణయం రాయండి

నాలుగింట్లో ఒకటి రాయండి: అందరం చూద్దాం, పెద్దపిల్లలతో చూద్దాం, ఇంట్లో ఆపుకుంటూ చూద్దాం, ఇప్పుడు వద్దు. 'ఇప్పుడు వద్దు' అయితే ఎప్పుడు మళ్లీ ఆలోచిస్తారో కూడా రాసి పిల్లలకు చెప్పండి. గడువు చెప్పని 'వద్దు' ఎక్కువ రోజులు నిలవదు. మా వాడు ఏడో తరగతిలో ఉండగా ఒక సినిమాలో "కోట్ల ఏళ్ల క్రితం" అనే మాట రాగానే టీవీ కట్టేశాను, కారణం చెప్పలేదు. రెండు రోజుల తర్వాత రాత్రి దుప్పటి కింద వెలుగు కనిపించింది. వాడు మిగతా సినిమా అంతా ఒంటరిగా చూశాడు, అడగడానికి పక్కన ఎవరూ లేకుండా.

"అన్ని విషయములయందు నాకు స్వాతంత్ర్యము కలదు గాని అన్నియు చేయదగినవి కావు" అన్న పౌలు మాట ఈ మెట్టు దగ్గర చదవడం మా ఇంట్లో అలవాటు.

హాలుకు వెళ్తుంటే:

- అంచు సీట్లు తీసుకోండి. భరించలేనిది వస్తే చిన్నవాణ్ణి తీసుకుని లేవడం సులువు. టికెట్ డబ్బులు పోతాయని కూర్చోకండి.
- మూర్ఛ (ఫిట్స్) ఉన్న పిల్లలను వేగంగా మెరిసే లైట్లున్న సినిమాకు డాక్టరును అడగకుండా తీసుకెళ్లకండి.
- ఆదివారం మ్యాట్నీ పెట్టుకుంటే ఆరాధన మధ్యలో అందరి కళ్లూ గడియారం మీదే ఉంటాయి. శనివారం వెళ్లండి.

8. చూశాక మాట్లాడండి, ముందు మీరు మాట్లాడకండి

పిల్లలు మొదలుపెట్టేదాకా ఆగండి. మీ తీర్పు ముందే చెప్పేస్తే వాళ్లు మీకు నచ్చే జవాబే ఇస్తారు. మేం ఇంటికొచ్చి, చాయ్ పెట్టుకుని, దారిలో కట్టించుకున్న మిర్చీలు ముందు పెట్టుకుని కూర్చుంటాం. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "నువ్వు ఆ ఓడలో ఉంటే ఏం చేసేవాడివి?" వాక్యం చివరికి రావాలి, మొదటికి రాకూడదు. ప్రతి సీనుకూ ఒక వచనం అతికిస్తే పిల్లలు తర్వాతిసారి కూర్చోరు. ఫిలిప్పీ 4:8లోని మాటల్లో ఒకటి ఎంచుకుని, సత్యమైనదో, న్యాయమైనదో, రమ్యమైనదో సినిమాలో ఎక్కడ కనిపించిందని అడగండి. మంచి కనిపించిన చోట మంచి అని చెప్పడం కూడా తీర్పులో భాగమే. పౌలు ఏథెన్సులో అక్కడి కవుల మాటే తీసుకుని మాట్లాడాడు (అపొస్తలుల కార్యములు 17:28).

సాధన కావాలంటే కొత్త సినిమాతో మొదలుపెట్టకండి. మీరు చిన్నప్పుడు చూసినదాన్ని తీసుకోండి. 1991 నాటి 'ఆదిత్య 369' మనలో చాలామందికి గుర్తుంది. ఆ టైమ్ మెషీన్ శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, భవిష్యత్తుకూ వెళ్తుంది. కథ తెలిసిందే కాబట్టి 3, 4 మెట్లు నింపడం నేర్చుకోవడానికి బాగుంటుంది.

9. వారం తర్వాత సరిచూసుకోండి

హాలు బయట పిల్లవాడు చెప్పింది నమ్మకండి, వారం ఆగి చూడండి. ఆడుకునేటప్పుడు ఏ పాత్ర తనదంటున్నాడు? కుటుంబ ప్రార్థనలో కొత్త భయం ఏదైనా వచ్చిందా? రాత్రి లైటు ఆర్పనివ్వడం లేదా? చిన్న చెల్లెలితో, బడిలో నెమ్మదిగా నడిచే పిల్లవాడితో ఎట్లా ఉంటున్నాడు? కథను తన మాటల్లో చెప్పమంటే ఎవరిది తప్పో చెప్పగలుగుతున్నాడా?

భయం పట్టుకుంటే తిట్టకండి, మళ్లీ చూపించి భయం పోగొట్టాలని చూడకండి. ఆ సీను ఎట్లా తీశారో చెప్పండి: వెనక పచ్చ తెర, రంగు పూసిన రబ్బరు, కంప్యూటర్లో గీసిన రాక్షసుడు. మా వాడికి ఇది ప్రార్థనతో పాటు బాగా పనిచేసింది. రెండు వారాలైనా నిద్ర సరిగా పట్టకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

మీ నిర్ణయం తప్పని తేలితే అదే పేజీలో తారీఖు వేసి, పాతది కొట్టేయకుండా కింద రాయండి. పిల్లలను కూర్చోబెట్టి చదివి వినిపించండి. మా నోట్‌బుక్‌లో అలాంటి దిద్దుబాట్లు పదకొండు ఉన్నాయి. నాలుగు నావి, అయిదు మా ఆయనవి, రెండు పిల్లలు వాదించి నెగ్గినవి.